ఓజోన్ పొరను హరించే కాలుష్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓజోన్ పొర అంటే ఏమిటి? అది ఎక్కడ ఉంటుంది?

మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు ఉంటాయి. ఓజోన్ అణువులో అవే ఆక్సిజన్ పరమాణువులు మూడు ఉంటాయి. ఈ ఒక్క పరమాణువు తేడాతోనే ఓజోన్ లేత నీలి రంగు, ఘాటైన వాసన, విషస్వభావం గల వాయువు అయింది. వాతావరణంలోని మొత్తం ఓజోన్‌లో దాదాపు 90 శాతం స్ట్రాటో ఆవరణంలో ఉంది. ధ్రువాల దగ్గర సుమారు 8 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖ దగ్గర సుమారు 16 కిలోమీటర్ల ఎత్తున మొదలై 50 కిలోమీటర్ల దాకా వ్యాపించిన ఈ ఆవరణంలో, 15 నుంచి 35 కిలోమీటర్ల మధ్య ఓజోన్ అధికంగా ఉండే భాగాన్ని ఓజోన్ పొర అని వ్యవహరిస్తున్నాం.

అయితే అక్కడైనా ఓజోన్ దట్టంగా నిండి ఉండదు. అత్యధికంగా ఉన్నచోట కూడా పది లక్షల గాలి అణువుల్లో ఓజోన్ అణువులు పదికి మించవు. నేల నుంచి వాతావరణం చివరి వరకు ఉన్న ఓజోన్ మొత్తాన్ని సముద్ర మట్టానికి దించి, అక్కడి పీడనం వద్ద, సున్నా డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద పరిచినట్లయితే దాని మందం సగటున 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ మందాన్ని 300 డాబ్సన్ యూనిట్లుగా లెక్కిస్తారు. 1920లలో ఓజోన్‌ను కొలిచే పరికరాన్ని రూపొందించిన బ్రిటిష్ శాస్త్రవేత్త గోర్డన్ డాబ్సన్ పేరు మీద ఈ కొలమానం వచ్చింది. ఆయన రూపకల్పన చేసిన తరహా పరికరాలు నేటికీ అనేక పరిశీలన కేంద్రాల్లో పనిచేస్తున్నాయి.

ఇంత తక్కువ వాయువు సూర్యకిరణాలను ఎలా అడ్డగిస్తుంది?

సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను తరంగదైర్ఘ్యాన్ని బట్టి మూడు రకాలుగా విభజిస్తారు. 100 నుంచి 280 నానోమీటర్ల మధ్య ఉన్న యువి-సి కిరణాలు జీవకణాలకు అత్యంత ప్రమాదకరమైనవి, కానీ ఆక్సిజన్, ఓజోన్ కలిసి వాటిని పూర్తిగా పీల్చుకుంటాయి గనుక అవి నేలను చేరవు. 315 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉన్న యువి-ఎ కిరణాలలో చాలా భాగం నేలను చేరుతుంది. ఓజోన్ పొర నిజంగా మనకు అక్కరకు వచ్చేది ఈ రెండింటికీ మధ్యనున్న 280 నుంచి 315 నానోమీటర్ల యువి-బి కిరణాల విషయంలో. వీటిలో అధిక భాగాన్ని ఓజోన్ అడ్డుకుంటుంది. పొర పలచబడినప్పుడు నేల మీద పెరిగేవి కూడా ఇవే.

ఓజోన్ పుట్టుక, వినాశం రెండూ సూర్యకాంతి పనే. 1930లో సిడ్నీ చాప్‌మన్ ఈ ప్రక్రియను వివరించారు. 242 నానోమీటర్లకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల కిరణాలు ఆక్సిజన్ అణువును రెండుగా చీలుస్తాయి. అలా విడిపడిన ఒక్కో పరమాణువు మరొక ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ మళ్లీ అతినీలలోహిత కిరణాన్ని పీల్చుకుని విడిపోతుంది, వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. ఒకే ఓజోన్ నిల్వ మళ్లీ మళ్లీ పనికి వస్తుంది కాబట్టి పరిమాణం తక్కువైనా రక్షణ నిరంతరం అందుతుంది. ఈ రాకపోకల మధ్య కుదిరిన సమతూకమే ఓజోన్ పొర. కాలుష్యం చేసిన హాని అంతా ఈ సమతూకంలో వినాశం వైపును బలపరచడమే.

నేల దగ్గరి ఓజోన్‌ను కాలుష్యం అంటారు, పైనున్న ఓజోన్‌ను రక్షణ కవచం అంటారు. రెండూ ఒకటేనా?

వాయువు ఒకటే, చోటు వేరు. వాహనాలు, కర్మాగారాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే స్వభావం గల కర్బన సమ్మేళనాలు ఎండలో కలిసినప్పుడు నేలకు దగ్గరగా ఓజోన్ తయారవుతుంది. దానిని పీల్చినవారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఉబ్బసం తీవ్రమవుతుంది, పంటల దిగుబడి తగ్గుతుంది. పట్టణాల్లో ఇలా పెరిగిన ఓజోన్ పైకి పోయి పలచబడిన పొరను పూడ్చుతుందని ఆశపడడానికి వీలు లేదు. ఓజోన్ రసాయనికంగా చాలా చురుకైనది కాబట్టి అంత ఎత్తుకు చేరేలోపే దానిలో అధిక భాగం ఇతర పదార్థాలతో చర్య జరిపి నశిస్తుంది.

ఏ కాలుష్యం ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది? వాహనాల పొగ, పొగగొట్టాల పొగ కారణమా?

పాఠశాల వ్యాసాలు మొదలుకొని ప్రసంగాల దాకా తరచు కనిపించే పొరపాటు ఇదే. మసి, దుమ్ము, కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ వంటివి ఆరోగ్యానికి తీవ్రమైన హాని చేస్తాయి, కానీ ఓజోన్ పొర క్షీణతకు ప్రధాన కారణం అవి కావు. వాటిలో ఎక్కువ భాగం కొద్ది గంటల నుంచి కొద్ది వారాలలోపు వానతో కొట్టుకుపోతాయి, లేదా ఇతర పదార్థాలతో కలిసిపోతాయి. స్ట్రాటో ఆవరణం దాకా చేరేంత ఆయుష్షు వాటికి లేదు.

ఓజోన్ పొరను హరించినవి ఎక్కువగా రంగు, వాసన లేక కంటికి ముక్కుకు ఏమాత్రం తెలియని, మంటకు అంటుకోని, మనుషులకు దాదాపు విషం కాని వాయువులు. క్లోరోఫ్లోరోకార్బన్లు, అంటే సిఎఫ్‌సిలు, వాటిలో ముఖ్యమైనవి. వీటిని ఫ్రిజ్‌లలో, ఎయిర్ కండిషనర్లలో శీతలకారులుగా, స్ప్రే డబ్బాలలో తోపుడు వాయువుగా, ప్లాస్టిక్ నురుగు తయారీలో, ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రపరచడానికి వాడారు. మంటలార్పే పరికరాలలో వాడిన హేలోన్లు, ద్రావణిగా వాడిన కార్బన్ టెట్రాక్లోరైడ్, మిథైల్ క్లోరోఫామ్, నేలలోని, గోదాముల్లోని పురుగులను చంపడానికి వాడిన మిథైల్ బ్రోమైడ్ కూడా ఓజోన్‌ను హరించేవే. వీటన్నిటిలో క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ ఉంటుంది. కింది వాతావరణంలో ఏదీ వీటిని త్వరగా విచ్ఛిన్నం చేయదు. హాని చేసే గుణం, వాణిజ్యపరంగా మెప్పు పొందిన గుణం రెండూ ఒకటే కావడం ఈ కథలోని విశేషం: దేనితోనూ చర్య జరపని ఆ నిలకడే వీటిని సురక్షితమైన సరుకుగా నిలబెట్టింది, ఆ నిలకడే వీటిని చెక్కుచెదరకుండా స్ట్రాటో ఆవరణానికి చేర్చింది.

అసలు సిఎఫ్‌సిలను ఎందుకు తయారు చేశారు?

తొలినాటి శీతలీకరణ యంత్రాలలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి లీకైనప్పుడు మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. విషం కాని, అంటుకోని శీతలకారి కావాలన్న అవసరంతో 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ, ఆయన సహచరులు డైక్లోరోడైఫ్లోరోమీథేన్ (సిఎఫ్‌సి-12) అనే సిఎఫ్‌సిని ఎంచుకున్నారు. 1930లో మిడ్జ్‌లీ అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో ఆ వాయువును స్వయంగా పీల్చి, దానిని ఊది కొవ్వొత్తిని ఆర్పి చూపించారు. ఆ ప్రదర్శనలో మోసం ఏమీ లేదు, గదిలో ఉన్నంతవరకు ఆ వాయువు నిజంగానే ప్రమాదరహితం. పెట్రోలులో సీసం కలిపే పద్ధతిని కనుగొన్నదీ ఈయనే కావడం వల్ల తరువాతి తరాలు ఆయన్ను కఠినంగా తూచాయి గానీ, 1930లో స్ట్రాటో ఆవరణంలో క్లోరిన్ ఏం చేస్తుందో తెలిసినవారు ఎవరూ లేరు.

సిఎఫ్‌సిలు గాలికన్నా బరువైనవి కదా, అంత ఎత్తుకు ఎలా వెళ్తాయి?

మూసిన గదిలో పెద్ద మొత్తంలో వదిలితే సిఎఫ్‌సి నేలబారున పేరుకుంటుంది, అది నిజమే. బయటి వాతావరణంలో పరిస్థితి వేరు. గాలి నిరంతరం పైకీ కిందికీ కలుస్తూ ఉంటుంది కాబట్టి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు వరకు వాయువులు తమ బరువును బట్టి వేరుపడవు. ఆక్సిజన్ నైట్రోజన్‌కన్నా బరువైనదే, అయినా నేల మీద ఆక్సిజన్, దాని పైన నైట్రోజన్ అన్నట్టు అవి పొరలు పొరలుగా విడిపోలేదు. నేల మీద విడుదలైన సిఎఫ్‌సి కొద్ది సంవత్సరాలలో స్ట్రాటో ఆవరణాన్ని చేరుతుంది. బెలూన్ల ద్వారా, విమానాల ద్వారా సేకరించిన గాలి నమూనాలలో సిఎఫ్‌సిలను నేరుగా కొలిచారు కాబట్టి ఇది ఊహ కాదు.

ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువులను నాశనం చేస్తుందన్నది నిజమేనా?

ఆ లెక్క పై హద్దుకు దగ్గరగా ఉన్న అంచనా, కానీ అందులోని విషయం నిజం. స్ట్రాటో ఆవరణంలో తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు సిఎఫ్‌సి అణువును చీల్చి క్లోరిన్ పరమాణువును విడిపిస్తాయి. అది ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుని క్లోరిన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఆ క్లోరిన్ మోనాక్సైడ్ విడిగా తిరుగుతున్న ఆక్సిజన్ పరమాణువును తాకినప్పుడు మామూలు ఆక్సిజన్ అణువు ఏర్పడి, క్లోరిన్ మళ్లీ ఒంటరిగా మిగులుతుంది. అంటే క్లోరిన్ ఇక్కడ ఉత్ప్రేరకం, తాను ఖర్చు కాకుండా చర్యను నడుపుతుంది. చివరికి హైడ్రోజన్ క్లోరైడ్ వంటి రూపంలో బంధింపబడి, కింది వాతావరణంలోకి దిగి, వానలో కరిగి వెళ్లేదాకా ఈ వరుస సాగుతూనే ఉంటుంది. బ్రోమిన్ వాతావరణంలో చాలా తక్కువగా ఉంటుంది గానీ, పరమాణువుకు పరమాణువు లెక్కన క్లోరిన్‌కన్నా సుమారు 60 రెట్లు ఎక్కువ హాని చేస్తుంది. హేలోన్ల మీద ప్రత్యేకమైన ఆంక్షలు రావడానికి కారణం ఇదే.

సముద్రపు ఉప్పులో, అగ్నిపర్వతాల్లో ఎంతో క్లోరిన్ ఉంది కదా? మనిషిని ఎందుకు నిందించాలి?

ఈ వాదన 1990ల ఆరంభంలో బాగా ప్రచారమైంది, ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. సముద్రపు తుంపరలోని ఉప్పు, అగ్నిపర్వతాలు వెలిగక్కే హైడ్రోజన్ క్లోరైడ్ రెండూ నీటిలో సులువుగా కరుగుతాయి, అందువల్ల వాటిలో చాలా భాగం వానతోనే నేలకు దిగిపోతుంది. సిఎఫ్‌సిలు నీటిలో కరగవు. పైగా వేలిముద్రలాంటి సాక్ష్యం ఒకటి ఉంది. సిఎఫ్‌సిలు విచ్ఛిన్నమైనప్పుడు క్లోరిన్‌తో పాటు ఫ్లోరిన్ కూడా విడుదలై హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారుతుంది. స్ట్రాటో ఆవరణంలో ఆ పదార్థానికి చెప్పుకోదగిన సహజ మూలం ఏదీ లేదు. ఉపగ్రహ పరికరాలు అక్కడ హైడ్రోజన్ ఫ్లోరైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ రెండూ ఒకదాని వెంట ఒకటి పెరగడాన్ని కొలిచాయి. 1990లలో స్ట్రాటో ఆవరణంలోని క్లోరిన్‌లో దాదాపు ఐదింట నాలుగు వంతులు మనుషులు తయారుచేసిన పదార్థాల నుంచి వచ్చినదే. మిగిలినదానిలో ఎక్కువ భాగం సముద్రాలు, మొక్కలు సహజంగా విడిచే మిథైల్ క్లోరైడ్ నుంచి వచ్చింది.

అగ్నిపర్వతాల పాత్ర అసలే లేదనడం కూడా సరికాదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో పేలినప్పుడు స్ట్రాటో ఆవరణంలో చేరిన సల్ఫేట్ కణాల ఉపరితలం మీద చర్యలు వేగం పుంజుకుని, తరువాతి రెండేళ్లలో ఓజోన్ మరింత తగ్గింది. అక్కడ ఓజోన్‌ను నాశనం చేసిన క్లోరిన్ మాత్రం ముందే చేరి ఉన్న సిఎఫ్‌సిలదే. 2019–20 నాటి ఆస్ట్రేలియా కార్చిచ్చుల పొగ స్ట్రాటో ఆవరణానికి ఎగసినప్పుడు కూడా ఇటువంటి ప్రభావమే కనిపించింది.

ఈ ప్రమాదాన్ని ఎవరు గుర్తించారు?

1970లో పాల్ క్రుట్జెన్ నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను ఎలా నశింపజేస్తాయో వివరించారు. 1971–72లో జేమ్స్ లవ్‌లాక్ తాను రూపొందించిన సున్నితమైన పరికరాన్ని ఓడలో తీసుకుని బ్రిటన్ నుంచి అంటార్కిటికా వైపు ప్రయాణించి, దారి పొడవునా గాలిలో సిఎఫ్‌సిలు ఉన్నట్టు కనుగొన్నారు. అవి ఎక్కడికీ పోకుండా గాలిలోనే పేరుకుంటున్నాయంటే చివరికి ఏమవుతాయన్న ప్రశ్నను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో షెర్వుడ్ రోలాండ్, మారియో మొలీనా పట్టుకున్నారు. 1974 జూన్‌లో వెలువడిన వారి పత్రం, సిఎఫ్‌సిలు స్ట్రాటో ఆవరణంలో చీలి క్లోరిన్‌ను విడుదల చేస్తాయని, దానివల్ల ఓజోన్ తగ్గుతుందని చెప్పింది. ఉత్పత్తిదారులు దీనిని నిరూపణ లేని సిద్ధాంతమని ఏళ్ల తరబడి ఎదిరించారు. అమెరికా మాత్రం 1978లో స్ప్రే డబ్బాలలో సిఎఫ్‌సిల వాడకాన్ని చాలావరకు నిషేధించింది. క్రుట్జెన్, రోలాండ్, మొలీనాలకు 1995లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అంటార్కిటికా మీది భారీ ఓజోన్ లోటును మాత్రం ఏ సిద్ధాంతమూ ముందుగా ఊహించలేదు. 1985 మేలో జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు హాలీ పరిశోధన కేంద్రంలో దశాబ్దాలుగా నమోదవుతూ వచ్చిన కొలతలను ప్రచురించారు. ఒకప్పుడు అక్టోబరులో 300 డాబ్సన్ యూనిట్ల వరకు ఉన్న ఓజోన్ 1984 నాటికి 200 లోపుకు పడిపోయింది. అప్పటికే నింబస్-7 ఉపగ్రహం కూడా ఇవే తగ్గుదలలను నమోదు చేసింది. అయితే మరీ తక్కువగా ఉన్న విలువలను అనుమానాస్పదమైనవిగా గుర్తించి వేరుగా ఉంచే ఏర్పాటు దాని లెక్కింపులో ఉండడంతో వాటి అర్థం వెంటనే బయటపడలేదు. ఆ ఉపగ్రహ సమాచారాన్ని పూర్తిగా చెరిపేశారన్న కథ ప్రచారంలో ఉంది గానీ, అది వాస్తవం కాదు. ఒక మారుమూల కేంద్రంలో ఏళ్ల తరబడి ఓపికగా సాగిన, ఎవరికీ పెద్దగా ఆసక్తి కలిగించని కొలతలే చివరికి అక్కరకు వచ్చాయన్నది గమనించదగిన సంగతి.

మనుషులు అంతగా లేని అంటార్కిటికా మీదే ఓజోన్ రంధ్రం ఎందుకు ఏర్పడుతుంది?

సిఎఫ్‌సిలు ఎక్కడ విడుదలైనా కొద్ది నెలల నుంచి ఒకటి రెండేళ్లలోపు ప్రపంచమంతటా సమంగా వ్యాపిస్తాయి, కాబట్టి క్లోరిన్ అన్నిచోట్లా ఉంది. అంటార్కిటికాలో ప్రత్యేకంగా ఉన్నది చలి. అక్కడి శీతాకాలంలో నెలల తరబడి సూర్యుడు కనిపించడు. ఖండం చుట్టూ స్ట్రాటో ఆవరణంలో బలమైన గాలులు వలయంగా తిరుగుతూ, లోపలి గాలిని బయటి వెచ్చని గాలితో కలవనివ్వవు. ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల సెల్సియస్‌కన్నా తగ్గినప్పుడు, ఎంతో పొడిగా ఉండే ఆ ఎత్తుల్లోనూ నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి ధ్రువ స్ట్రాటో మేఘాలుగా ఏర్పడతాయి.

మామూలుగా స్ట్రాటో ఆవరణంలోని క్లోరిన్‌లో అధిక భాగం హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరిన్ నైట్రేట్ అనే రెండు నిరపాయకర రూపాలలో బంధింపబడి ఉంటుంది. మేఘ కణాల ఉపరితలం మీద ఈ రెండూ కలిసినప్పుడు క్లోరిన్ వాయువు విడుదలవుతుంది, నైట్రిక్ ఆమ్లం కణాలలోనే చిక్కుకుంటుంది. క్లోరిన్‌ను తిరిగి బంధించడానికి కావలసిన నైట్రోజన్ సమ్మేళనాలు అలా గాలి నుంచి తొలగిపోతాయి. శీతాకాలమంతా ఇలా కూడిన క్లోరిన్, ఆగస్టు చివర, సెప్టెంబరులో సూర్యుడు తిరిగి కనిపించగానే పరమాణువులుగా విడిపోయి ఓజోన్ మీద పడుతుంది. అక్టోబరు ఆరంభానికల్లా 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు పూర్తిగా నశిస్తుంది. నవంబరు, డిసెంబరులలో గాలుల వలయం చెదిరి, బయటి గాలి లోపలికి రావడంతో ఆ లోటు తాత్కాలికంగా పూడుతుంది. 220 డాబ్సన్ యూనిట్లకన్నా తక్కువ ఓజోన్ ఉన్న ప్రాంతాన్ని రంధ్రంగా లెక్కిస్తారు. అక్కడ కూడా కొంత ఓజోన్ ఉంటుంది. 2006 సెప్టెంబరులో దాని విస్తీర్ణం 2.9 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది.

ఈ మేఘాల మీది చర్యల ఆలోచనను 1986లో సూజన్ సాలమన్, ఆమె సహచరులు ప్రతిపాదించారు. అదే సంవత్సరం ఆమె నాయకత్వంలో ఒక బృందం అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి వెళ్లి కొలతలు తీసింది. 1987లో చిలీ దక్షిణ కొసన ఉన్న పుంటా అరెనాస్ నుంచి బయలుదేరిన పరిశోధక విమానం సుడిగాలి వలయంలోకి ప్రవేశించినప్పుడు, క్లోరిన్ మోనాక్సైడ్ ఎక్కడ పెరిగిందో సరిగ్గా అక్కడే ఓజోన్ పడిపోయినట్టు తేలింది. ఆ తరువాత కారణం గురించి గట్టి సందేహానికి తావు లేకుండా పోయింది.

ఉత్తర ధ్రువం మీద కూడా ఇలా జరుగుతుందా?

జరుగుతుంది, కానీ సాధారణంగా తక్కువ స్థాయిలో. ఉత్తరార్ధగోళంలోని పర్వతాలు, భూభాగాల వల్ల గాలుల వలయం తరచు చెదిరిపోతుంది, చలి అంతగా నిలవదు. చలి దీర్ఘకాలం నిలిచిన 2011, 2020 వసంతకాలాల్లో మాత్రం అసాధారణమైన తగ్గుదల నమోదైంది.

ఉష్ణమండల ప్రాంతాల మీది ఓజోన్ పొర కూడా పలచబడిందా?

భూమధ్యరేఖకు ఇరువైపులా ఉన్న ప్రాంతాల మీద మొత్తం ఓజోన్‌లో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. ఆ ప్రాంతాలలో ఓజోన్ సహజంగానే తక్కువ. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఉష్ణమండలపు పై స్ట్రాటో ఆవరణంలోనే అయినా, గాలుల ప్రసరణ దానిని ధ్రువాల వైపు తీసుకువెళ్తుంది. అందువల్ల ధ్రువాలకు దగ్గరి ప్రాంతాల మీద అది పేరుకుంటుంది. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండడం, పైన ఓజోన్ తక్కువగా ఉండడం వల్ల ఉష్ణమండలంలో యువి-బి తీవ్రత ఎప్పుడూ ఎక్కువే. దీనిని కాలుష్యం ఖాతాలో వేయకూడదు.

పొర పలచబడితే కలిగే నష్టాలు ఏమిటి?

ఓజోన్ ఒక శాతం తగ్గితే చర్మాన్ని కమిలించే కిరణాల తీవ్రత ఒక శాతానికి కాస్త మించి పెరుగుతుంది. యువి-బి కిరణాలు కణాలలోని డిఎన్‌ఎను దెబ్బతీస్తాయి. చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు, రోగనిరోధక శక్తి మందగించడం వాటి ప్రభావాలలో ముఖ్యమైనవి. చర్మంలో మెలనిన్ తక్కువగా ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు ఎక్కువ, కానీ శుక్లాల విషయంలో చర్మపు రంగు ఎవరినీ కాపాడదు. సముద్రంలో ఆహార గొలుసుకు ఆధారమైన సూక్ష్మ వృక్ష ప్లవకాలు కూడా ఈ కిరణాలకు లోనవుతాయి. 1990లో అంటార్కిటికా మంచు అంచుల వద్ద జరిపిన పరిశీలనల్లో, రంధ్రం కింద వాటి ఉత్పాదకత 6 నుంచి 12 శాతం తగ్గినట్టు తేలింది. కొన్ని పంటల ఎదుగుదల మందగిస్తుంది. ప్లాస్టిక్, రంగులు, కలప త్వరగా పాడవుతాయి.

భూతాపానికి ఓజోన్ రంధ్రమే కారణమా?

కాదు. రంధ్రం గుండా అదనపు ఎండ లోపలికి వచ్చి భూమి వేడెక్కుతోందన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది గానీ, భూతాపానికి ప్రధాన కారణం కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు భూమి నుంచి వెలువడే వేడిని పట్టి ఉంచడం. ఓజోన్ లోటు వల్ల అదనంగా వచ్చే అతినీలలోహిత శక్తి ఆ లెక్కలో అత్యల్పం. రెండు సమస్యలకూ అసలైన లంకె మరోచోట ఉంది: సిఎఫ్‌సిలు స్వయంగా శక్తిమంతమైన హరితగృహ వాయువులు. నూరేళ్ల వ్యవధిలో సిఎఫ్‌సి-12 కార్బన్ డయాక్సైడ్‌కన్నా సుమారు పది వేల రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అందువల్ల వాటి నిషేధం ఓజోన్‌తో పాటు వాతావరణానికీ పెద్ద మేలు చేసింది. ఇక ఓజోన్ రంధ్రం అంటార్కిటికా మీది స్ట్రాటో ఆవరణాన్ని చల్లబరచి, దక్షిణార్ధగోళంలో వేసవి గాలుల బాటను ధ్రువం వైపు జరిపింది. ఇది వాతావరణ మార్పే గానీ భూతాపం కాదు.

మాంట్రియల్ ఒప్పందం ఏం సాధించింది?

1985 మార్చిలో వియన్నాలో కుదిరిన ఒడంబడిక పరిశోధనకు, సమాచార మార్పిడికి మాత్రమే దేశాలు కట్టుబడేలా చేసింది. 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం ఉత్పత్తి మీదే పరిమితులు విధించింది. మొదటి రూపంలో అది అంత కఠినమైనది కాదు: ఐదు సిఎఫ్‌సిలను సగానికి తగ్గించడం, మూడు హేలోన్లను ఉన్న స్థాయిలో నిలిపివేయడం అంతే. పుంటా అరెనాస్ విమాన ఫలితాలు బయటికి వచ్చేలోపే ఈ సంతకాలు జరిగాయన్నది గుర్తుంచుకోవాలి. పూర్తి రుజువు కోసం ఆగకుండా దేశాలు ముందడుగు వేశాయి. కొత్త ఆధారాలు వచ్చే కొద్దీ ఒప్పందాన్ని బిగించడానికి వీలుగా దానిని రాసుకోవడం నా దృష్టిలో దాని అసలు బలం. 1990లో లండన్, 1992లో కోపెన్‌హాగెన్, 1997లో మాంట్రియల్, 1999లో బీజింగ్ సమావేశాలు కొత్త పదార్థాలను చేర్చాయి, గడువులను తగ్గించాయి. అభివృద్ధి చెందిన దేశాలు 1996 నాటికి, వర్ధమాన దేశాలు 2010 నాటికి సిఎఫ్‌సిల ఉత్పత్తిని ఆపాలని గడువు పెట్టారు. వర్ధమాన దేశాల ఖర్చును భరించడానికి ప్రత్యేక నిధి కూడా ఏర్పడింది. నేడు 198 పక్షాలు దీనిలో ఉన్నాయి, అంటే చేరని దేశం లేదు. సెప్టెంబరు 16ను అంతర్జాతీయ ఓజోన్ పరిరక్షణ దినంగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది.

ఈ ఒప్పందం లేకపోయి ఉంటే 2065 నాటికి ప్రపంచపు ఓజోన్‌లో మూడింట రెండు వంతులు నశించి ఉండేదని నాసా శాస్త్రవేత్తల నమూనా లెక్కలు చూపాయి.

నిషేధించిన తరువాత దొంగచాటుగా ఎవరూ తయారు చేయలేదా?

చేశారు, పట్టుబడ్డారు. 2012 తరువాత సిఎఫ్‌సి-11 తగ్గవలసినంత వేగంగా తగ్గడం లేదని 2018లో అమెరికా వాతావరణ పరిశోధకులు ప్రకటించారు. ఏటా సుమారు 13 వేల టన్నులు అదనంగా విడుదలవుతున్నట్టు వారి అంచనా. దక్షిణ కొరియా, జపాన్ ద్వీపాలలోని పరిశీలన కేంద్రాలకు చేరిన గాలిని విశ్లేషించి, అందులో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తోందని 2019లో మరొక బృందం తేల్చింది. ప్లాస్టిక్ నురుగు తయారీలో దానిని వాడినట్టు ఆధారాలు దొరికాయి. ఆ తరువాత విడుదల వేగంగా తగ్గిందని 2021లో కొలతలు చూపాయి.

ప్రత్యామ్నాయ వాయువులు పూర్తిగా సురక్షితమేనా?

మొదట వచ్చిన హైడ్రోక్లోరోఫ్లోరోకార్బన్లలో, అంటే హెచ్‌సిఎఫ్‌సిలలో, క్లోరిన్ ఉన్నా అవి కింది వాతావరణంలోనే చాలావరకు విచ్ఛిన్నమవుతాయి కాబట్టి హాని చాలా తక్కువ. వీటిని కూడా దశలవారీగా తొలగిస్తున్నారు. తరువాత వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లలో, అంటే హెచ్‌ఎఫ్‌సిలలో, క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు, కానీ వాటిలో చాలావాటికి వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కన్నా వెయ్యి రెట్లకు పైగా ఉంది. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో చేసిన సవరణ వాటినీ ఒప్పందం కిందికి తెచ్చింది. 2019లో అమలులోకి వచ్చిన ఈ సవరణ వల్ల ఈ శతాబ్దం చివరికి 0.5 డిగ్రీల వరకు తాపం తప్పవచ్చునని అంచనా. ప్రొపేన్, ఐసోబ్యూటేన్, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు మళ్లీ శీతలకారులుగా వస్తున్నాయి. సిఎఫ్‌సిలు వెనక్కి నెట్టిన అమ్మోనియా మెరుగైన యంత్రాలతో తిరిగి రావడం చరిత్రలోని చిన్న వింత.

ఒప్పందం పరిధిలోకి రాని ప్రమాదాలు ఏవైనా ఉన్నాయా?

ముఖ్యమైనది నైట్రస్ ఆక్సైడ్. నత్రజని ఎరువులు, పశువుల పేడ, ఇంధనాల దహనం, కొన్ని రసాయన పరిశ్రమల నుంచి ఇది విడుదలవుతుంది. వందేళ్లకు పైగా వాతావరణంలో నిలిచి, స్ట్రాటో ఆవరణంలో నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారి ఓజోన్‌ను నశింపజేస్తుంది. సిఎఫ్‌సిల విడుదల తగ్గిన తరువాత, ఈ శతాబ్దంలో విడుదలయ్యే ఓజోన్ నాశక వాయువులలో ఇదే ప్రధానమైనదని వాతావరణ రసాయన శాస్త్రవేత్త ఎ. ఆర్. రవిశంకర, ఆయన సహచరులు 2009లో చూపారు. ఆహారోత్పత్తితో ముడిపడినది కాబట్టి దీనిని సిఎఫ్‌సిల మాదిరిగా నిషేధించడం సాధ్యం కాదు. ఎరువును తగు మోతాదులో, తగు సమయంలో వేయడమే మార్గం. ఘన ఇంధన రాకెట్లు క్లోరిన్‌ను నేరుగా స్ట్రాటో ఆవరణంలో వదులుతాయి. ఇప్పటివరకు వాటి ప్రభావం చాలా చిన్నది, ప్రయోగాల సంఖ్య పెరిగే కొద్దీ దీని మీద కన్నేసి ఉంచవలసి ఉంటుంది.

కృత్రిమంగా ఓజోన్ తయారు చేసి పైకి పంపలేమా?

వాతావరణంలోని ఓజోన్ మొత్తం బరువు సుమారు 300 కోట్ల టన్నులు. అందులో కొద్ది శాతం లోటును పూడ్చాలన్నా కోట్ల టన్నుల ఓజోన్‌ను తయారు చేసి 20 కిలోమీటర్ల ఎత్తుకు మోయాలి. అంతా చేసినా, క్లోరిన్ అక్కడే ఉన్నంతకాలం కొత్త ఓజోన్ కూడా నశిస్తుంది. క్లోరిన్ తొలగితే ఓజోన్‌ను సూర్యుడే తయారు చేస్తాడు.

పొర ఎప్పటికి కోలుకుంటుంది?

2022 నాటి అంతర్జాతీయ శాస్త్రీయ అంచనా ప్రకారం, ప్రస్తుత విధానాలు కొనసాగితే ఓజోన్ 1980 నాటి స్థాయికి ప్రపంచంలో చాలా భాగం మీద 2040 ప్రాంతంలో, ఉత్తర ధ్రువం మీద 2045 ప్రాంతంలో, అంటార్కిటికా మీద 2066 ప్రాంతంలో చేరుకుంటుంది. ఇంత ఆలస్యానికి కారణం సిఎఫ్‌సిల ఆయుష్షే: సిఎఫ్‌సి-11 సగటున 50 ఏళ్లు, సిఎఫ్‌సి-12 సుమారు 100 ఏళ్లు వాతావరణంలో ఉంటాయి. మధ్యలో ఏటేటా హెచ్చుతగ్గులు తప్పవు. స్ట్రాటో ఆవరణం హఠాత్తుగా వేడెక్కడంతో 2019లో రంధ్రం చాలా చిన్నదైంది. ఆ వెంటనే 2020 నుంచి వరుసగా కొన్నేళ్లు అది పెద్దదిగా, ఎక్కువకాలం నిలిచింది. ఒక్క ఏడాది విస్తీర్ణాన్ని చూసి ఒప్పందం ఫలించిందనో విఫలమైందనో తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

పాత ఫ్రిజ్, ఎయిర్ కండిషనర్ ఉన్నవారు ఏం చేయాలి?

పనిచేస్తున్న పాత యంత్రంలో బంధింపబడి ఉన్నంతవరకు సిఎఫ్‌సి వల్ల ఓజోన్‌కు హాని లేదు. అది లీకైనప్పుడు, యంత్రాన్ని విరగ్గొట్టినప్పుడు హాని మొదలవుతుంది. గ్యాస్ తగ్గిందని పదేపదే నింపించడం కన్నా ముందు లీకు ఎక్కడ ఉందో వెతికించి మూయించాలి. మరమ్మతు సమయంలో పాత వాయువును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి తిరిగి పట్టే పరికరం ఉన్న మెకానిక్‌ను ఎంచుకోవాలి. యంత్రాన్ని పారేసేటప్పుడు తుక్కు కింద అమ్మకుండా, శీతలకారిని వేరుచేసే అధీకృత కేంద్రానికి అప్పగించాలి. పాత ఫ్రిజ్ గోడల్లోని నురుగులో కూడా సిఎఫ్‌సి-11 ఉండవచ్చు కాబట్టి వాటిని పగలగొట్టకుండా మొత్తంగా ఇవ్వడం మంచిది. కొత్త యంత్రం కొనేటప్పుడు దాని మీద అంటించిన పట్టీలో శీతలకారి పేరు రాసి ఉంటుంది. ఆర్-290 అంటే ప్రొపేన్, ఆర్-600ఎ అంటే ఐసోబ్యూటేన్. ఇవి ఓజోన్‌కు హాని చేయవు, భూతాపాన్ని పెంచేదీ అత్యల్పం. అయితే ఇవి మండే వాయువులు కాబట్టి, వీటి అమరిక, మరమ్మతు శిక్షణ పొందినవారి చేతనే చేయించాలి.